ఎడమ చెవి రూలు

మనుబోలు,
20–9–1964, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు జీవానందానికి,

అక్క ఎస్తేరు దీవించి రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నేను, మీ బావ, నవోమి ఆరోగ్యంగానే ఉన్నాము. అక్కడ నువ్వు, మరదలు ఆదిశేషమ్మ, పసివాడు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. కవరు మీద నువ్వు కోరినట్టే ముత్యాలయ్య అని రాశాను. లోపల మాత్రం నాకు తెలిసిన పేరే రాశాను. కవరు చించేది నువ్వే కాబట్టి ఇద్దరికీ అందినట్టే.

నీ ఉత్తరం పోయిన మంగళవారం చేరింది. పోస్టుమాను హజరత్తయ్య చేతికిస్తూ, "ఎస్తేరక్కా, మన కథలోడు రాసినాడు. బరువుగా ఉండాది. ఏం తప్పు చేసినాడో ఏమో!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాలుగు సార్లు చదివాను. నువ్వు అడిగినవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి పెట్టుకున్నాను. ఇవాళ మందిరం నుంచి వచ్చి, అన్నాలయ్యాక, జవాబు రాయడానికి కూర్చున్నాను. వరస తప్పితే నాకు ఏ పనీ సాగదని నీకు తెలుసు కదా.

నవోమి ఈ ఏడు ఎస్సెల్సీ పరీక్షకు కూర్చుంటుంది. లెక్కలు బాగా చేస్తుంది. ఇంగ్లీషు మీ బావే చెబుతున్నారు. నా మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. నువ్వు చెప్పిన తైలం రాశాను, వాసన తప్ప వేరే గుణం కనిపించలేదు. బావ బడి కప్పు కిందటి వానకు కారింది. పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి చెబుతున్నారు. పసివాడికి ఐదో నెల వచ్చిందని రాశావు గాని ఏం పేరు పెట్టారో రాయలేదు. ఒక పేరు పెట్టావా, రెండు పెట్టావా?

మన ఆట రూళ్ళ పుస్తకం ఇంకా ఉందా అని అడిగావు. ఉంది. దాన్ని నేనెక్కడ పారేస్తాను? బియ్యం డబ్బా పైన, పాత పాటల పుస్తకాల కింద ఉంది. అంచులు పురుగు కొట్టింది గాని అక్షరాలు చెదరలేదు. మొన్న దించి, మొదటి నుంచి చివరిదాకా చదివాను. నువ్వు ఒక్క మూడో రూలే గుర్తు పెట్టుకొని రాశావు. మిగతావి మరిచిపోయి ఉంటావు. అందుకని రాస్తున్నాను.

అది యాభై ఏడు వానల్లో మొదలయింది. నువ్వు ట్రైనింగు ముగించుకొని, ఉద్యోగం రాక, మా ఇంట్లో ఉన్న రోజులు. ఆదివారం ఆరాధన నుంచి రాగానే వంటింటి బల్ల తుడిపించి, సుద్దముక్కతో దాని మీద ఏడు వాకిళ్ళ పట్నం గీసేవాడివి. కోట, సంత, రేవు, ఉప్పు కొఠారు. కథ నడిపేది నువ్వు. ఆ పట్నంలో తిరిగేది మేము. ఏం చేస్తామో మేం చెప్పాలి, జరుగుతుందో లేదో నాలుగు గవ్వలు చెప్పాలి. మనిషికొక వేషం, వేషానికొక బలం. మీ బావ సేనాపతి, ఆయనది కత్తి బలం. హజరత్తయ్య వర్తకుడు, అతనిది మాట బలం. నాకేమివ్వాలో నీకు తోచక, "అక్కా, నువ్వు వంటలక్క వేషం కట్టు," అన్నావు. నేను చేతిగుడ్డ బల్ల మీద పడేసి పొయ్యి దగ్గరికి పోయాను. నువ్వు వెనకాలే వచ్చి బతిమాలావు.

"కోపం జెయ్యబాక అక్కా. రెండు పేర్లుండే వేషం ఒకటుండాది. శానా కష్టం. లెక్క తప్పని మనిషైతేనే ఆడగలదు."

"రెండు పేర్లేందిరా?"

"ఒకటి నలుగురికీ తెలిసేది, ఇంకోటి తెలియకూడనిది. మనిషి ఒకటే."

అలా నేను ఉప్పమ్మే కోటమ్మనయ్యాను. ఆ పట్నం రాజు ఉప్పంతా కోటలో పెట్టించి తాళం వేసుకున్నాడు. అతను విదిల్చినంత ఉప్పే గంపలో పోసుకొని వీధి వీధి తిరిగేది కోటమ్మ. అదే కోటమ్మ గోడ చాటుకు పోయి కంబళి కప్పుకుంటే నల్లకంబళి. కొఠారు తాళాలు ఊడబెరికి, ఉప్పు మూటలు పేదవాళ్ళ గడపల్లో పెట్టి పోయే మనిషి. పుస్తకంలో ఎడమ పేజీ కోటమ్మకు, కుడి పేజీ నల్లకంబళికి కేటాయించి, ఏ ఆదివారం ఏ పేరుతో ఎక్కడికి పోయానో రాసుకున్నాను. నలభై మూడు ఆదివారాలు ఉన్నాయి. నల్లకంబళి లేచిందని నేను గొంతు మార్చి చెబితే హజరత్తయ్య నిజంగానే కాళ్ళు పైకి తీసి పీట మీద పెట్టుకునేవాడు. ఆ బల్ల దగ్గర తప్ప నా పుట్టుకలో నన్ను చూసి ఎవరూ జంకలేదు తమ్ముడూ. అందుకు నీకు రుణపడి ఉన్నాననే అనుకునేదాన్ని.

రూళ్ళు నీ మాటలే, చేతిరాత నాది. ఒకటి: ఒక పేరులో ఉండగా రెండో పేరు బలం వాడరాదు. భటుడు చెంప మీద కొట్టినా కోటమ్మ చెయ్యెత్తకూడదు. రెండు: పేరు మారాలంటే ఎవరూ చూడని చోటు కావాలి, ఒక వంతు గవ్వలు వెయ్యకుండా ఊరికే కూర్చోవాలి. మూడు, నీకు గుర్తున్నది: దాచిన పేరు చెప్పి రాజుభటులు ఆరా తీస్తే సొంతవాళ్ళు అనవలసిన మాట, "అలాంటి మనిషి మా ఇంట్లో లేరు." నాలుగు: సొంతవాళ్ళు తప్పు చోట తప్పు పేరు పెట్టి పిలిస్తే ఆ పేరు కాలిపోతుంది.

మా నల్లకంబళి ఎలా కాలిపోయిందో గుర్తుందా? నువ్వు భటుడి గొంతు పెట్టి, "సేనాపతీ, నల్లకంబళి ఎవురో నీకు తెలుసునా?" అని గద్దించావు. మీ బావ కళ్ళజోడు సవరించుకొని నా వైపు చూశారు.

"అబద్ధం చెప్పాల్నా?"

"ఆట గదా బావా!"

"అయినా ఆదివారం పూట..." అని నసిగి, నా వైపు వేలు చూపించి, "ఈమే," అన్నారు.

హజరత్తయ్య నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యవారూ, మిమ్మల్ని సేనాపతిని చేసినోణ్ణి అనాల! పెళ్ళాన్ని పట్టిచ్చిన మొగుణ్ణి ఈ పట్నంలోనే చూస్తా ఉండా."

ఆ రోజు అందరం కడుపు పట్టుకొని నవ్వాము. కంబళి కాలిపోయి, కొత్త పేరు వచ్చేదాకా నేను ఆరు ఆదివారాలు ఉత్త ఉప్పమ్ముకున్నాను. అబద్ధమాడలేని మీ బావ కోసమే నువ్వు పదకొండో రూలు పెట్టావు. సొంతవాళ్ళను కాదనవలసి వస్తే ఎడమ చెవి పట్టుకోవాలి. "చెవి మీద చెయ్యుంటే ఆ మాట దేవుడు కూడా రాసుకోడు బావా," అన్నావు. ఆయన ఒప్పుకున్నారు.

ఆ రూలు బల్ల దాటి వీధిలోకి కూడా వచ్చింది. నేను బజారులో కనబడితే నువ్వు ఎదురుగా వచ్చి ఆగి, "ఎవరమ్మా మీరు? యాడనో చూసినట్టుండాదే!" అనేవాడివి. ఎడమ చెవి పట్టుకొని. నేనూ చెవి పట్టుకొని, "నాకు తెలవదు నాయనా, పక్కకి జరుగు," అనేదాన్ని. ఆ తర్వాత నా చేతిలో సంచి నువ్వు అందుకునేవాడివి.

ఆటలో రెండు పేర్లు నాకిచ్చావు గాని బతుకులో రెండు పేర్లు నీకే ఉన్నాయి. నేను ఐదో తరగతితో ఆగిపోయాను. నాకు రెండో పేరు రాయవలసిన అవసరం ఎవరికీ రాలేదు. మైపాడు దగ్గర నాన్న మందిరంలో ఉపదేశిగా ఉన్నప్పుడు నిన్ను హైస్కూల్లో చేర్చారు. అక్కడి పంతులు మంచికే చెప్పాడు: "సమాధానంగారూ, పిల్లోడిది కిరస్తానీ పేరు రాస్తే సర్కారు సాయం రాదు. మీ నాయన పేరు రాయండి, హిందువని రాయండి." ఒకే వాడ, ఒకే కులం, ఒకే బావి దగ్గర దూరంగా నిలబెట్టిన మనుషులం. మందిరానికి పోతే మాత్రం సర్కారు లెక్కలో మనం వేరే జాతి అయిపోయాము. ఊరి లెక్కలో మాత్రం కాలేదు. నాన్న నీకు మన తాత పేరు రాయించి వచ్చి ఆ పూట అన్నం తినలేదు. నువ్వు పలక మీద "ముత్యాలయ్య" అని రాసి నాకు చూపించి, "అక్కా, ఇది నేనే," అన్నావు. ఆ పేరును నేనెన్నడూ దొంగ పేరనుకోలేదు. అది మన తాతది.

ఇక ఆ ఆకాశరామన్న ఉత్తరం సంగతి. హరిజనుల వాటా ఉద్యోగంలో ఉన్న నువ్వు క్రైస్తవుడివని మీ ఆఫీసుకు రాసింది ఎవరని అడిగావు. నాకు తెలియదు. నేను రాయలేదు. మీ బావ రాయలేదు. హజరత్తయ్యకు నీ మీద ప్రాణం. ఉద్యోగం రాని వాళ్ళెవరో రాసి ఉంటారు, వాళ్ళ కడుపు మంట వాళ్ళది. దాన్ని ఇంతటితో వదిలేస్తున్నాను. ఎందుకంటే నిన్ను సస్పెండు చేయించింది ఆ ఉత్తరం కాదు. సంతకం లేని కాగితాన్ని వాళ్ళు చించి పారేసేవాళ్ళు. నా సంతకం ఉన్న కాగితమే నిన్ను ఇంట్లో కూర్చోబెట్టింది.

ఇప్పుడు నాయుడుపేట సంగతి రాయాలి. పదిహేడు నెలలుగా రాయలేదు. నువ్వూ ఏ ఉత్తరంలోనూ ఎత్తలేదు.

పోయిన ఏడు ఏప్రిల్లో, మట్టల ఆదివారం ముందు రోజు. నేనూ నవోమీ మా అత్తగారి ఊరు పోతూ నాయుడుపేటలో బస్సు మారడానికి దిగాము. టీ అంగడి దగ్గర నువ్వు కనబడ్డావు. తెల్ల చొక్కా, నుదుట నిలువు బొట్టు, పక్కన ఇద్దరు ఆఫీసువాళ్ళు. నీ పెళ్ళి కబురు కార్డు మీదే తెలిసింది, నిన్ను చూసి అప్పటికి మూడేళ్ళు. నాకు ఏ రూలూ గుర్తు రాలేదు. "ఆనందం!" అని కేక వేశాను. అంత జనంలో, నీ అక్కలా, నోరారా.

నువ్వు తిరిగావు. సూటిగా చూశావు. "ఎవరమ్మా మీరు?" అన్నావు.

నాకు నవ్వొచ్చింది తమ్ముడూ. నిజం చెబుతున్నాను. మన బజారు ఆట మళ్ళీ మొదలెట్టావనుకున్నాను. నా చెయ్యి సగం లేచింది కూడా. నీ చెయ్యి చెవి దగ్గరికి ఎప్పుడు పోతుందా అని చూస్తూ నిలబడ్డాను. నీ కుడి చేతిలో టీ గ్లాసు ఉంది. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది. అది అలాగే వేలాడుతూ ఉంది.

నీ పక్కనున్నాయన, "ఎవురబ్బా ముత్యాలయ్యా, ఆమె?" అన్నాడు.

"ఎవరో కిరస్తానీ ఆమె. పాపం, ఎవర్ననుకునిందో ఏమో," అన్నావు.

నా బోడి నుదురు చూసి ఆ మాట అన్నావు. నిన్ను చంకనేసుకొని తిప్పిన మనిషి నుదురు అది. నేను రూలు తప్పలేదు. "పొరపాటు నాయనా, మా తమ్ముడనుకున్నా," అని నిన్ను కాపాడి పక్కకు వచ్చాను. నవోమి నా కొంగు పట్టుకొని, "అమ్మా, మామయ్య గదా? మామయ్యేగా?" అని గుంజింది. "కాదులే, అట్టా ఉండాడు," అన్నాను. అప్పుడు నా చెయ్యి చెవి మీదనే ఉంది. బస్సు కదిలేదాకా అక్కడే ఉంది.

నీకు భయమని నాకు తెలుసు. కాదన్నందుకు నాకు కోపం లేదు. చెవి పట్టుకోవడానికి ఎంత సేపు పడుతుంది? దురద పుట్టిందనుకుంటారు. ఎవరు కనిపెడతారు? ఆ చిన్న పని నువ్వు నా కోసం చెయ్యలేదు.

జూలై తొమ్మిదో తారీకు గురువారం విచారణకు మనిషి వచ్చాడు. మీ బావ బడికి పోతూ నాకు నాలుగుసార్లు చెప్పి పోయారు: "ముత్యాలయ్య నా తమ్ముడేనను. మిగతాదేమీ తెలవదను. నేను చెప్పలేను, నా నోరు నీకు తెలుసుగా, నువ్వే చెప్పాల." వచ్చినాయన మంచివాడు. మజ్జిగ ఇస్తే తాగాడు. ఫైలు మోకాలి మీద పెట్టుకొని, "అమ్మా, ముత్యాలయ్య అనే అతను మీ తమ్ముడేనా?" అని అడిగాడు.

"అలాంటి మనిషి మా ఇంట్లో లేడు," అన్నాను.

నువ్వు రాశావు: అక్కా, నిన్ను నేనేమీ అనను, హఠాత్తుగా అడిగేసరికి పాత ఆట గుర్తొచ్చి మూడో రూలు అప్పజెప్పి ఉంటావు, దాచవలసిన పేరూ చెప్పవలసిన పేరూ నీకు తారుమారయి ఉంటాయి అని. మీ బావ కూడా అదే నమ్ముతున్నారు. నేనే ఆయనకు అలా చెప్పాను. ఈ రెండు నెలలు అందరికీ అలాగే చెప్పాను. లెక్క తప్పని మనిషి ఒక్కసారి తప్పింది పాపం, అని అందరూ జాలిపడ్డారు.

అది నిజం కాదు. నేను తప్పలేదు. ఆయన నాకు టైము ఇచ్చాడు. "బాగా గుర్తు తెచ్చుకోండమ్మా, ఒక ఉద్యోగం సంగతి," అని రెండోసారి అడిగాడు. మొదటిసారి కంగారనుకో, రెండోసారికి ఏమంటావు? "నాకున్నది ఒకే తమ్ముడు. పేరు జీవానందం. మా నాన్నే వాడికి బాప్తిస్మం ఇప్పించాడు," అన్నాను. అడగనిది కూడా చెప్పాను. ఆయన రాసిన కాగితం చదివి, ఒక అక్షరం తప్పుంటే దిద్దించి, ఎస్తేరమ్మ అని సంతకం పెట్టాను. నా రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

సంతకం పెట్టిన గంటసేపు నాకు హాయిగా ఉంది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. నాయుడుపేటలో దిగిన ముల్లు ఊడివచ్చినట్టే అనిపించింది. తర్వాత నవోమి బడి నుంచి వచ్చి, "ఎవరొచ్చారమ్మా, రెండు గ్లాసులుండాయి?" అంటే ఆ గ్లాసులు తీసుకొని కడగడానికి పోయాను. పసివాడి సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పకపోయేదాన్నా అంటే, చెప్పకపోయేదాన్నని గట్టిగా అనలేను.

ఇక నీ చివరి ప్రశ్న. అక్టోబరు పన్నెండో తారీకు సోమవారం మీ ఊరు వచ్చి విచారణ అధికారి ముందు నిలబడతానా అని. నేను చెప్పవలసినదంతా నువ్వు పెన్సిలుతో రాసి పంపిన కాగితం నా ముందే ఉంది. పుట్టినప్పుడు నా పేరు మాలకొండమ్మ. పెళ్ళితో మొగుడి మతం పుచ్చుకొని ఎస్తేరమ్మనయ్యాను. నా తమ్ముడు ముత్యాలయ్య పుట్టుకతో హిందువు, నేటికీ హిందువు. జూలైలో కంగారు పడి తప్పు చెప్పాను. మాలకొండమ్మ మన నాయనమ్మ పేరు, దానికి నాకు అభ్యంతరం లేదు. తండ్రి పేరు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. "పోలయ్య, వ్యవసాయ కూలి, హిందువు" అని రాశావు. నాన్న బాప్తిస్మానికి ముందు పేరు నీకెలా గుర్తుందో! ఇరవై ఏళ్ళు మైపాడు ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ నడిచి, ఇంటింటికీ ప్రార్థన చెప్పిన మనిషి. సమాధి మీద ఆయన పేరు సమాధానం. ఆ పేరుగల మనిషి మా ఇంట్లో లేడని నేను చెప్పాలి.

వస్తాను. ఆదివారం పొద్దున బస్సుకు బయలుదేరుతాను. మీ బావ తోడు రారు, నేనూ రమ్మనలేదు. చెడగొట్టింది నేను కాబట్టి సరిచేయవలసింది నేనే. అంతకంటే వేరే కారణం వెతుక్కోవద్దు. మీ ఇంట్లో దిగను. మరదలికి నన్ను ఎవరని చెప్పావో నాకు తెలియదు, అడగను. మొన్నటి నుంచి సంతకం నేర్చుకుంటున్నాను. "మ"కు కొమ్ము వంకర పోతోంది, ఇంకా కుదరలేదు. నవోమి చూసి, "ఎవరి పేరమ్మా ఇది?" అంటే, "మా నాయనమ్మది," అన్నాను. అది నిజమే కాబట్టి చెవి పట్టుకోలేదు.

ఒక్క మాట గుర్తుంచుకో. ఆ రోజు అక్కడ నా ముఖం చూడవద్దు, నా ఎడమ చెయ్యి చూడు. తండ్రి పేరు పోలయ్యేనా, హిందువేనా అని అడిగినప్పుడు అవునంటాను. అప్పుడు చెవి పట్టుకుంటాను. అది నాన్న కోసం. ఆ తర్వాత నిన్ను చూపించి, ఇతను మీ సొంత తమ్ముడేనా అని అడుగుతారు. దానికీ అవునంటాను. అప్పుడు నా చెయ్యి చెవి మీదే ఉంటుందో, కిందికి దిగుతుందో నాకే ఇంకా తెలియదు.

పసివాడికి నా ముద్దులు. చెయ్యి అలవాటు కావాలని కింద ఆ పేరే రాస్తున్నాను.

ఇట్లు,
ముత్యాలయ్య అక్క,
మాలకొండమ్మ.